మిషను ఎండలో ఉండాల్నా?

పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర. జిల్లా కేంద్రం తుమకూరు, కరెంటు బెస్కాం, బస్సు బోర్డు కన్నడం. ఇంట్లో మాట మాత్రం చాలా ఊళ్లలో తెలుగే. ఇంటర్నెట్ విషయంలోనూ ఈ తాలూకా రెండు రాష్ట్రాల పద్ధతులను పక్కపక్కనే చూస్తోంది. కర్ణాటకలో కేంద్ర ప్రభుత్వ భారత్‌నెట్ కేబుల్ భూమిలోంచి వచ్చి గ్రామ పంచాయతీ ఆఫీసులో తేలుతుంది. సరిహద్దు దాటి మడకశిర, రొద్దం వైపు పోతే ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ కరెంటు స్తంభాల మీద వేలాడుతుంది, దాని మిషన్లు సబ్‌స్టేషన్లలో ఉంటాయి. అంటే రెండు ప్రభుత్వాలూ మిషన్లను ఏదో ఒక కప్పు కిందికే చేర్చాయి. సర్కారు కప్పు దొరకని చిన్న ఆపరేటరు ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్న మీద మేనమామ, మేనల్లుడు వాదించుకున్న వాదన ఇది. అల్లుడు పల్లెల్లో కేబుల్ టీవీ నడిపి ఇప్పుడు ఫైబర్ ఇంటర్నెట్ ఇస్తున్నాడు. మామ టెలిఫోన్ శాఖలో కేబుల్ జాయింట్లు కట్టి రిటైరయ్యాడు. పేర్లు అనవసరం, ఇలాంటి జంటలు తాలూకాలో చాలా ఉంటాయి.

అల్లుడు: తిరుమణి దోవలో నాలుగూళ్లకు కలిపి ఒక పెట్టె పెడదామనుకుంటాండా మామా. రోడ్డు పక్కన సిమెంటు దిమ్మె, దాని మీద ఇనుప పెట్టె. లోపల ఓఎల్‌టీ, అంటే ఇండ్లకు వెలుతురు పంపే మిషను, ఇంగ బ్యాటరీ. పైన రెండు సోలార్ ప్యానెళ్లు. ఎవురి గడపా తొక్కే పని లేదు.

మామ: ఊళ్లో గడప తొక్కకుండా ఊరికి నెట్టు ఇస్తానంటావు! సరే, ఆ ఓఎల్‌టీ ఇప్పుడు యాడుండాది?

అల్లుడు: పావగడలో, నా ఆఫీసులో.

మామ: ఫ్యాను కింద, ఇన్వర్టరు పక్కన, నీ కళ్లెదురుగా. దాన్ని తీసుకపోయి ఎండలో కూర్చోబెట్టాల్సిన అవసరం ఏమొచ్చె?

అల్లుడు: దూరం. జీపాన్ అంటే ఒకే గాజు పోగులో పోయే వెలుతురును స్ప్లిటర్లతో ముప్పై రెండు ఇండ్లకు పంచేది. ఆ పంచే దానికి కరెంటు అక్కర్లేదు, నిజమే. వెలుతురుకు మాత్రం లెక్కుండాది. మామూలు బి ప్లస్ మాడ్యూలు అయితే దోవలో 28 డీబీ దాకా తగ్గినా తట్టుకుంటాది. ఊరు 18 కిలోమీటర్ల దూరం అనుకో. కిలోమీటరుకు 0.35 చొప్పున ఆరు డీబీ దోవలోనే అయిపోతాది. ముప్పై రెండుకు పంచేదానికి పదిహేడో పద్దెనిమిదో. కనెక్టర్లు, జాయింట్లు రెండు. అప్పుడే ఇరవై ఆరయ్యె. ఏడాదిలో జేసీబీ నాలుగు సార్లు తెంపితే, మెకానికల్ జాయింటు పెట్టి సరిపెట్టుకుంటే, చివరింట్లో ఎర్ర లైటే.

మామ: సి ప్లస్ మాడ్యూలు వేసుకో. 32 డీబీ ఇస్తాది. నువ్వు చెప్పే పెట్టె, దిమ్మె, ప్యానెళ్ల ఖర్చులో అది ఏ మూలకు?

అల్లుడు: అది వేసుకుంటా. దాంతో దూరం సమస్య తీరుతాది గానీ తెగడం సమస్య తీరదు. పావగడ నుంచి ఒకే కేబులు పోతే, అది తెగిన రోజు నాలుగూళ్లూ గుడ్డివే. నడుమ ఒక ఓఎల్‌టీ ఉంటే దానికి రెండు దోవలు ఇవ్వచ్చు. ఇటు పావగడ నుంచి ఒకటి, అటు వై.ఎన్. హొసకోటె నుంచి ఒకటి. ఒకటి పోతే ఇంకొకటి. కేంద్రం 2023 ఆగస్టులో 1,39,579 కోట్లు పెట్టి భారత్‌నెట్‌ను మార్చింది కదా, అందులో పెద్ద మార్పు ఇదే. మునుపు కొమ్మల మాదిరి పోయేది, ఇప్పుడు రింగు చేస్తాండారు.

మామ: ఇది మాట. ఇంతకుముందు చెప్పింది సాకు.

(2011లో నోఫన్ పేరుతో మొదలై 2015లో భారత్‌నెట్ అయిన పథకం తాలూకా ఎక్స్ఛేంజిలో ఓఎల్‌టీ, పంచాయతీలో ఆ వెలుతురు అందుకునే ఓఎన్‌టీ పెట్టి నడుమ మొత్తం గాజుతోనే నడిపింది. ఎండను తట్టుకోవడానికి అది మంచి పద్ధతి. గొడ్డలి దెబ్బను తట్టుకోవడానికి కాదు. కాబట్టి పల్లెలకు దగ్గరగా ఒక కరెంటు మిషను ఉండాలన్న అల్లుడి మాట కొట్టేయలేం. అది ఎక్కడ కూర్చోవాలన్నదే ఇక తగువు.)

మామ: రింగు కావాల్సిందే. రింగు రోడ్డు మీద ఉండాల్సిన పని లేదు. మీ ఓఎల్‌టీ ఎన్ని వాట్లు తాగుతాది?

అల్లుడు: అది అరవై, స్విచ్చీ అవీ కలిపి ఇంకో ఇరవై. ఎనభై వేసుకో.

మామ: పెట్టె మీద ఎండ పడే భాగం ఒకటిన్నర చదరపు మీటరు అనుకుందాం. మధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు వెయ్యి వాట్లు. బూడిద రంగు ఇనుము అందులో సగం పీల్చినా?

అల్లుడు: ఏడెనిమిది వందలు. అంతా లోపలికి రాదులే మామా. ఇనుము గాలికి చల్లారతాది కదా. నడినెత్తిన ఎండున్నప్పుడు తలుపు మీద పడేదీ తక్కువే.

మామ: నాలుగో వంతే వచ్చిందనుకో. అయినా నీ మిషను పుట్టించే వేడికి రెండింతలు దాటె. ఇప్పుడు చెప్పు, నువ్వు ఫ్యాను పెట్టేది మిషనుకా, సూర్యునికా?

అల్లుడు: అందుకే ప్యానెళ్లు పైన పెడ్తాండేది. కరెంటుకు కరెంటు, నీడకు నీడ. పెట్టె రెండు పొరల గోడది తీసుకుంటా, పొరల నడుమ గాలి కిందనుంచి పైకి పోతాది. రంగు తెలుపు. నువ్వు చెప్పే సూర్యుడు లోపలికి రానే రాడు.

(ఇక్కడ అల్లుడికి మార్కులు వెయ్యాలి. పెట్టెలు అమ్మేవాళ్లు ఫ్యాన్ల గురించి చెప్పినంతగా నీడ గురించి చెప్పరు. ఎనభై వాట్ల మిషనుకు నీడ కల్పిస్తే సగం పని అయినట్టే. నీడకు కరెంటు బిల్లు లేదు, చెడిపోయే మోటారు లేదు.)

మామ: సూర్యుడు రాడు, సరే. మే నెలలో బయటి గాలే నలభైకి అటూ ఇటూ ఉంటాది. నీ ఫ్యాను ఆ గాలినే లోపలికి తోస్తాది. బయట నలభై ఉంటే లోపల ముప్పై ఎనిమిది కాదు, నలభై ఐదో, యాభయ్యో అయితాది. మిషను మీద ఏం రాసుండాది?

అల్లుడు: మామూలు వాటి మీద నలభై ఐదు, యాభై దాకా. అరవై ఐదు తట్టుకునేవి వేరే ఉండాయి, ధర ఎక్కువ.

మామ: ఇంగ దుమ్ము. జనవరి నుంచి జూన్ దాకా ఎర్రదుమ్ము ఎట్లుంటాదో నీకు నేను చెప్పల్లా? గాలి దూరే పెట్టె అయితే ఫిల్టరు మూసుకపోతాది. మూసుకపోయిన ఫిల్టరు వెనక ఫ్యాను తిరుగుతానే ఉంటాది, గాలి మాత్రం రాదు. ఆ శబ్దం విని నువ్వు అంతా బాగుండాదనుకుంటావు.

అల్లుడు: ఐపీ 65 పెట్టె తీసుకుంటే దుమ్ము దూరదు. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. ఆరంటే దుమ్ముకు పూర్తి అడ్డం, ఐదంటే పైపుతో నీళ్లు కొట్టినా లోపలికి పోవు.

మామ: దుమ్ము దూరని పెట్టెలోంచి వేడి ఎట్ల బయటికి పోతాది?

అల్లుడు: రేకుల గుండా, మెల్లగా. హీట్ ఎక్స్ఛేంజరు పెడితే కొంచెం బిరబిరా.

మామ: ఎక్స్ఛేంజరు పెట్టినా లోపలి వేడి బయటి కంటే ఎక్కువే ఉంటాది, తగ్గదు. తగ్గాలంటే ఏసీ. ఏసీ పెడితే ఎనభై వాట్ల మిషనుకు మూడు నాలుగు వందల వాట్ల కాపలావాడు. వానికి మళ్లీ ఇంకో రెండు మూడు ప్యానెళ్లు. చూస్తా ఉంటే నీ సోలార్ పార్కు తిరుమణిలో ఉండే దాంతో పోటీ పడేట్టుండాది.

సోలార్ పార్కు మాట వచ్చింది కాబట్టి బయటి పాఠకుల కోసం రెండు ముక్కలు. తిరుమణి, బాలసముద్ర, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు ఊళ్ల భూముల్లో సుమారు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల ‘శక్తి స్థల’ ఉంది. 2018 మార్చిలో మొదలైంది. భూమి కొనలేదు, రైతుల దగ్గర ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున గుత్తకు తీసుకున్నారు. గుత్త రెండేళ్లకోసారి 5 శాతం పెరుగుతుంది.

మామ: ఇంత పెద్ద కరెంటు ఫ్యాక్టరీ పక్కన కూర్చోని నువ్వు రెండు ప్యానెళ్లు బిగించుకునేదేందిరా?

అల్లుడు: ఆ కరెంటు పెద్ద లైన్లెక్కి గ్రిడ్డుకు పోతాది. నాకొచ్చేది ఊరి ఫీడరు. గాలివాన కొడితే ఊరి ఫీడరు పోతాది, పార్కు ఉండాదని ఆగదు. ఎనభై వాట్లంటే దినానికి రెండు యూనిట్లకు కొంచెం తక్కువ. దానికి ఐదారు వందల వాట్ల ప్యానెళ్లు చాలు. రాత్రి పది గంటలు కరెంటు లేకపోయినా 48 వోల్టుల 25 ఏహెచ్ లిథియం బ్యాటరీ ఆపుకుంటాది.

మామ: లెడ్ బ్యాటరీ అననందుకు సంతోషం. వాటి ఆయుస్సు 27 డిగ్రీల దగ్గర లెక్కేసింది. పది డిగ్రీలు పెరిగితే సగం పోతాది. మా ఎక్స్ఛేంజిలో ఆ బ్యాటరీ గదిని ఎట్ల చూసుకుంటా ఉండిరో నాకు తెలుసు. లిథియమైనా వేడి మితిమీరితే దాని లోపలి బోర్డే ఛార్జింగు ఆపేస్తాది. అప్పుడు మంచి ఎండలో, ప్యానెళ్లు కరెంటు పొంగిస్తా ఉండంగా, నీ బ్యాటరీ ఉపవాసం.

అల్లుడు: మీ కాలంలో రోడ్డు మీద టెలిఫోన్ పిల్లర్లు లేవా? మూల మూలకీ ఉండె.

మామ: ఉండె. లోపల ఏముండె? రాగి తీగలు, టెర్మినల్ బ్లాకులు. కరెంటు 48 వోల్టులు, అదీ ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచే తీగెంబడి వచ్చేది. పిల్లరులో ఉడికిపోయే వస్తువే లేదు. మేము ఎండలో పెట్టింది తీగను రా, మిషను కాదు.

అల్లుడు: వాన పడితే ఫోనులో గరగర కూడా మీరు పెట్టిందే.

(మామ దీనికి జవాబివ్వలేదు. నిజానికి రోడ్డు పెట్టెలో కరెంటు మిషను పెట్టిన దేశాలు లేకపోలేదు. బ్రిటన్ వీధుల్లో ఆకుపచ్చ పెట్టెల్లో రాగి తీగలకు ఇంటర్నెట్ ఇచ్చే మిషన్లు వేలకు వేలు ఉన్నాయి. అక్కడి ఎండతో మన ఎండను పోల్చలేం. పైగా ఇంటిదాకా గాజు పోగు వేస్తున్న కొద్దీ అక్కడివాళ్లు కూడా వీధిలో కరెంటు అక్కర్లేని స్ప్లిటర్ల వైపే పోతున్నారు.)

అల్లుడు: సరే మామా, ఇంట్లో పెట్టాలంటావు. ఎవురింట్లో? పంచాయతీ ఆఫీసు సాయంత్రానికి తాళం, ఆదివారం తాళం. నడిరాత్రి మిషను ఆగితే తాళంచెవి కోసం ఊరంతా తిరగల్ల. అంగడి గదిలో పెడితే అంగడాయన బల్బు ఆర్పినట్టు మెయిన్ స్విచ్చి ఆర్పేసి పోతాడు. ఫోను ఛార్జింగు కోసం నా ప్లగ్గు పీకేసినోళ్లను చూసినా. బాడుగకు ఇచ్చినాయన కొడుకు పెండ్లి అని గది ఖాళీ చెయ్యమంటాడు. పెట్టె అయితే తాళం నాది, దిమ్మె నాది.

మామ: దిమ్మె కింద భూమి ఎవురిది?

అల్లుడు: రోడ్డుది. దానికి 2025 జనవరి నుంచి కొత్త రైట్ ఆఫ్ వే రూల్సు వచ్చినాయి, అర్జీ పెట్టుకోవచ్చు.

మామ: రోడ్డు వెడల్పు చేసే దినం నీ అర్జీ ఎవురు చూస్తారు? రైతు పొలం గట్టున పెట్టుకో. పార్కు మొదటి లెక్క ప్రకారం ఎకరాకు 21,000. ఎకరాకు నాలుగు వేల నలభై ఏడు చదరపు మీటర్లు. నీ దిమ్మెకు ఒక మీటరు. ఏడాదికి ఐదు రూపాయల చిల్లర.

అల్లుడు: ఐదు రూపాయలకు ఏ రైతు ఇస్తాడు? ఇంట్లో నెట్టు ఫ్రీగా ఇయ్యమంటాడు. అదీ నాకు మంచిదే, ఆయన కాపలా ఉంటాడు. బ్యాటరీ దొంగలకు భయం ఉంటాది.

మామ: దొంగలు బ్యాటరీకే రారు. రాగి ఉండాదేమోనని గాజు కేబులు కూడా కోసి చూస్తారు. ఇంగొకటి చెప్తా విను. పిడుగు. గాజుకు పిడుగు పట్టదని నువ్వంటావు. నీ డ్రాప్ కేబులులో ఇనుప తీగుంటాది, దానికి పడుతాది. పెట్టెకు ఎర్తు కావల్ల. మన నేల అడుగు తవ్వితే బండ, తడి లేదు. మంచి ఎర్తు రావాలంటే గుంటలో వేసవంతా నీళ్లు పోస్తా ఉండల్ల. తాగే నీళ్లకు ట్యాంకరు కోసం నిలబడే ఊళ్లో, నీ ఎర్తు గుంటకు బిందె ఎవురు పోస్తారు?

అల్లుడు: మరి యాడ పెట్టమంటావు? ఊరికే కాదు కాదు అనకుండా ఒక జాగా చెప్పు.

మామ: పాల సొసైటీ.

వాదన ఇక్కడ మలుపు తిరిగింది, ఎందుకంటే మామ ఊరి సొసైటీ సెక్రెటరీ ఆయన భార్యే. ఆ ఊరి సొసైటీలో బల్క్ మిల్క్ కూలరుంది. పాలు నాలుగు డిగ్రీలకు దిగాలి, దిగకపోతే విరిగిపోతాయి. అందుకని కరెంటు పోతే జనరేటరుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పండగైనా పబ్బమైనా తలుపు తెరుస్తారు. ఆదివారమని ఆవు పాలివ్వడం మానదు. మామ ఇవన్నీ ఏకరువు పెడుతుంటే లోపలినుంచి అత్త వచ్చింది.

అత్త: నా తాళంచెవి గురించి నన్ను అడక్కుండా మీరిద్దరే మాట్లాడుకుంటాండారే! జనరేటరు పాలకు. డీజిలు లెక్క నేను రాయల్ల, ఆడిటు నేను చెప్పల్ల. మీ నెట్టు కోసం రాత్రంతా తిప్పేదానికి కుదరదు.

అల్లుడు: రాత్రంతా వద్దత్తా. కూలరు కోసం తిప్పినప్పుడు నా బ్యాటరీకి కాస్త ఛార్జింగు. ఎనభై వాట్లంటే మీ కూలరు ముందర లెక్కే కాదు.

అత్త: లెక్కయినా కాకున్నా నీ మీటరు వేరే పెట్టించుకో. సొసైటీ మీటరులో ఒక్క తీగ కలిపినా నేనొప్పుకోను. ఇంగ నేల దినానికి రెండుసార్లు కడుగుతాము, నీళ్లు మోకాళ్ల దాకా చిమ్ముతాయి. నీ పెట్టె నిలువెత్తు పైన గోడకు ఉండల్ల. తీగలు కిందనుంచి లోపలికి రావల్ల, పైనుంచి వస్తే నీళ్లు తీగెంబడే దిగుతాయి.

మామ: చూసినావా, కేబులు జాయింటరు పెండ్లాం!

అత్త: మీరు నేర్పింది కాదు. పైనుంచి వైరు తెచ్చినందుకు పోయిన వానకాలం పాల తూకం మిషను కాలిపోయె. బాడుగ సొసైటీ మీటింగులో తీర్మానం చేసి రాయించల్ల, నా నోటిమాట మీద వద్దు. రేపు నేను సెక్రెటరీగా ఉంటానో లేదో.

అల్లుడు: రాత్రి రెండింటికి మిషను ఆగితే?

అత్త: నన్ను లేపు. తిడతా, లేచి ఇస్తా.

అల్లుడు కొంత మెత్తబడ్డాడు, పూర్తిగా కాదు. సొసైటీ కూలరు అన్ని ఊళ్లలో లేదు. రింగు మలుపు ఏ ఊరూ లేని చోట పడితే రోడ్డు పెట్టె తప్పదు అన్నాడు. మామ దానికి కూడా ఒప్పుకోలేదు. మలుపునే ఊళ్లోకి తిప్పు, రెండు కిలోమీటర్ల గాజు ఎక్కువైనా ఏసీ కంటే చవక అన్నాడు. తిప్పలేని చోట పెట్టక తప్పకపోతే ఏదైనా గోడకు తూర్పు పక్కన పెట్టు, పైన ప్యానెళ్ల నీడ, దాని కింద రాతి బండ నీడ, లోపల అరవై ఐదు డిగ్రీలు తట్టుకునే మిషను, ఫ్యాను వద్దు అన్నాడు. ధర ఎక్కువ అన్నాడు అల్లుడు. మేలో నాలుగూళ్ల జనం ఒక్కసారిగా చేసే ఫోన్లు ఎత్తడానికి మనిషిని పెట్టుకుంటే అంతకన్నా ఎక్కువ అన్నాడు మామ.

నా ఓటు మామకే, ఒక్క షరతుతో. పల్లెలో కప్పు ఉన్నంత మాత్రాన అది మిషనుకు ఇల్లు కాదు. తాళంచెవి ఎవరి దగ్గర, మీటరు ఎవరి పేర, తీర్మానం ఏ పుస్తకంలో అన్నవి తేలని గది కంటే అల్లుడి ఇనుప పెట్టే నయం. తాళం పడ్డ ఆఫీసులో, ప్లగ్గు పీకేసి, మిషను చెక్కుచెదరకుండా చల్లగా ఉండి ఏం లాభం? ఆ మూడూ తేలిన చోట మాత్రం మిషనును రోడ్డు మీదికి తీసుకురావడానికి ఈ తాలూకాలో నాకు కారణం కనబడదు. బయట ఉండాల్సింది గాజు, స్ప్లిటరు పెట్టెలు. వాటికి ఎండ ఒక లెక్క కాదు.

పావగడ, మడకశిర, కల్యాణదుర్గం వైపు రోడ్డు పెట్టెలకు ఆర్డరు పెట్టబోతున్న ఆపరేటర్లకు ఒక మాట. ముందు ఒకే పెట్టె తెప్పించండి. మిషను పెట్టకండి. మే నెలలో అనుకున్న జాగాలో నిలబెట్టి, లోపల థర్మామీటరు వేలాడదీసి, మధ్యాహ్నం మూడింటికి అంకె రాసుకోండి. మిషను మీద కంపెనీ రాసిన అంకె పక్కన పెట్టి చూడండి. మిగతా పెట్టెల డబ్బు ఆ తర్వాత కట్టండి.